కాలికి రాయి తగిలిన చోటే మొదలుపెట్టండి: ఆన్‌లైన్ కోర్సుకు విద్యార్థిగా మీ పాఠం చేర్చే పద్ధతి

నాలుగో వారం వీడియో మూడోసారి చూస్తున్నారు. ప్రొఫెసర్ ఒక లైను రాసి, "కాబట్టి" అంటూ దాని కింద ఇంకో లైను రాసేశారు. ఆ "కాబట్టి" మీకు అందలేదు. వెనక్కి జరిపి మళ్ళీ చూశారు. యూట్యూబులో ఇంకెవరివో రెండు వీడియోలు చూశారు. ఆఫీసు క్యాబులో పక్క సీటువాళ్ళని అడిగారు. చివరికి ఆదివారం మధ్యాహ్నం ఒక తెల్లకాగితం మీద చిన్న చిన్న అంకెలతో మీరే లెక్క వేసుకుంటే ముడి వీడింది.

ఆ కాగితం ఇప్పుడెక్కడుంది?

చాలామంది దగ్గర ఉండదు. మొదటి రెండు టర్ముల్లో నేనూ అలాంటి కాగితాలు ఎన్నో చెత్తబుట్టలో వేశాను. ఆ కాగితాన్ని తర్వాతి బ్యాచ్‌కు పాఠంగా మార్చడం ఎలాగో, ఎక్కడెక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ చెబుతాను.

నాది అనంతపురం జిల్లా. ఇంటర్ దాకా తెలుగు మీడియం. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ మారతహళ్ళిలో హాస్టల్ గదిలోనే ఆన్‌లైన్ ఎమ్మెస్సీ చదివాను. ఆ తర్వాత మూడు టర్ములు అలాంటి కోర్సుకే టీచింగ్ అసిస్టెంటుగా (టీఏ) పనిచేశాను. అటూ ఇటూ రెండు వైపులా కూర్చున్నాక నాకు గట్టిగా తెలిసొచ్చింది ఒకటే. పాఠం చెప్పేవాళ్ళకు లేని జ్ఞానం మీ దగ్గర ఒకటుంది. దారిలో రాయి ఎక్కడుందో మీకు తెలుసు. ప్రొఫెసర్ ఆ దారిన నడిచి పాతికేళ్ళయి ఉంటుంది, ఆయనకు రాయి ఉన్న సంగతే గుర్తుండదు. మీకు తగిలి వారమే అయింది. ఇంకో ఆరు నెలలు పోతే మీరూ మర్చిపోతారు. అందుకే ఈ పని చదువు అయిపోయాక తీరిగ్గా చేసేది కాదు, చదువుతుండగానే చేయాలి.

ఈ ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. విద్యార్థి రాస్తాడు, టీచరు మార్కులేస్తాడు, ఆ తర్వాత ఇద్దరూ దాన్ని పారేస్తారు. అలాంటి అసైన్‌మెంట్లను 2013లో అమెరికాకు చెందిన డేవిడ్ వైలీ "పారేసే అసైన్‌మెంట్లు" అన్నాడు, వాటి బదులు నలుగురికీ మిగిలేవి ఇవ్వమన్నాడు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పీర్‌వైజ్ అనే వ్యవస్థలో ప్రశ్నలు రాసేదీ విద్యార్థులే, వాటికి జవాబులిచ్చేదీ, ప్రశ్న బాగుందో లేదో చెప్పేదీ విద్యార్థులే. చాలా విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి వాడే మూడుల్ సాఫ్ట్‌వేర్‌లో గ్లాసరీ అనే మాటల పట్టిక సదుపాయం ఉంది. అందులో విద్యార్థి మాట చేర్చవచ్చు, టీచరు ఒప్పుకున్నాకే అందరికీ కనిపించేలా పెట్టుకోవచ్చు. మన దేశంలో ఐఐటీలు, ఇక్కడి ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచి వీడియో పాఠాలకు కొదవ లేదు. ఒకసారి తీసిన వీడియో చాలా టర్ముల పాటు నడుస్తుంది. అందులో ఒక మెట్టు తప్పిపోతే, ఆ మెట్టు లేకుండానే బ్యాచ్ తర్వాత బ్యాచ్ దూకాలి. మధ్యలో ఒక పలక వేయగలిగింది మొన్న దూకినవాళ్ళే.

ముందు కాలు తట్టుకున్న చోట్లకు ఒక పుస్తకం పెట్టండి

ఒక నోటుబుక్కు చాలు, ఫోన్లో నోట్స్ అయినా సరే. ఎక్కడ ఆగిపోతే అక్కడ నాలుగు సంగతులు రాయండి. ఏ వారం, ఏ వీడియో, ఎన్నో నిమిషం. అప్పుడు మీరేమనుకున్నారు. అసలు సంగతి ఏమిటి. ముడి విప్పింది ఏది.

వీటిలో రెండోదాన్ని జనం వదిలేస్తారు, విలువంతా దాంట్లోనే ఉంది. "అర్థం కాలేదు" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. "వాన పడితే ట్రాఫిక్ జామ్ అయ్యే అవకాశం, జామ్ అయితే వాన పడి ఉండే అవకాశం రెండూ ఒకటే అనుకున్నాను" అని రాయండి. అది విత్తనం. మీరు పొరబడిన తీరునే ఇంకో వందమంది పొరబడతారు, ఎందుకంటే ఆ పొరపాటుకూ ఒక తర్కం ఉంటుంది.

అర్థమైన రోజే రాయండి. మర్నాటికి మీరు తెలిసినవారైపోతారు, "ఇది తేలికే కదా" అనిపిస్తుంది. అలా అనిపించిందంటే ఆలస్యమైనట్టే.

అడగకుండా పెట్టకండి

నాలుగైదు వారాలకు పుస్తకంలో పదో పదిహేనో చోట్లు చేరతాయి. వాటిలో మిగతావాళ్ళు కూడా అడుగుతున్నవి ఏవో చూడండి, లైవ్ సెషన్లో పదేపదే వచ్చే సందేహాలే గుర్తు. అలాంటి ఒక్కటి తీసుకోండి. అన్నీ ఒకేసారి రాద్దామనుకున్నవాళ్ళలో పూర్తిచేసినవాళ్ళని నేను చూడలేదు.

తర్వాత కోర్సు నడిపేవాళ్ళకు రాయండి. ప్రొఫెసర్‌కు నేరుగా రాసేకంటే టీఏకు రాసి, ప్రొఫెసర్‌ను కాపీలో పెడితే జవాబు తొందరగా వస్తుంది. నా దగ్గరకు వచ్చిన వాటిలో వెంటనే పనైన ఉత్తరం దాదాపు ఇలా ఉండేది:

"నమస్కారం మేడమ్. ఈ టర్మ్‌లో మీ స్టాటిస్టిక్స్ కోర్సు చదువుతున్నాను. నాలుగో వారం రెండో వీడియోలో 7వ నిమిషం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాని మీద ఒక పేజీ ఉదాహరణ, మూడు ప్రాక్టీసు ప్రశ్నలు రాసి జతచేశాను. మార్కులున్న అసైన్‌మెంట్ల ప్రశ్నలు గానీ జవాబులు గానీ ఇందులో లేవు. తప్పులుంటే చెప్పండి. పనికొస్తుందనిపిస్తే కోర్సు పేజీలో పెట్టండి."

ఉత్తరం ఇంగ్లీషులో రాయాల్సొచ్చినా ఇదే క్రమం ఉంచండి. చూసేవాళ్ళకు పది నిమిషాల పని మాత్రమే ఉండాలి. నలభై పేజీల పీడీఎఫ్ పంపి "చూడండి సార్" అంటే, ఎంత మంచివారైనా పక్కన పెడతారు. అది వాళ్ళ తప్పు కాదు.

మార్కుల సంగతి ప్రత్యేకంగా ఎందుకు చెప్పానంటే, సాయం చేస్తున్నాననుకుని గడువు ముగియని అసైన్‌మెంటు జవాబులు వాట్సాప్ గ్రూపులో పెట్టి విచారణ ఎదుర్కొన్న పిల్లల్ని చూశాను. గడువు అయిపోయినా ఆ ప్రశ్నలే వచ్చే టర్మ్‌లో మళ్ళీ రావచ్చు. అసైన్‌మెంటు ప్రశ్నలో అంకెలు మార్చి పెట్టడం కూడా వద్దు. మీ సొంత ఉదాహరణ తయారుచేసుకోండి, ఎలాగో ఇప్పుడు చెబుతాను.

ఉదాహరణ మీ వీధిలోంచి తీయండి

ప్రొఫెసర్ వీడియోలో పేకముక్కలు, రంగుల బంతులు ఉంటాయి. అవి తప్పని కాదు, కానీ బంతుల సంచీలోకి ఎవరూ రోజూ చేయి పెట్టరు. బెంగళూరులో ఉన్న మనవాళ్ళకు ట్రాఫిక్ జామ్‌లకు పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ చాలు.

నెలకు 30 రోజులనుకోండి. 6 రోజులు సాయంత్రం వాన పడింది. ఆ 6 రోజుల్లో 5 రోజులు సిల్క్ బోర్డు దగ్గర జామ్. వాన లేని 24 రోజుల్లో కూడా 15 రోజులు జామే. ఇప్పుడు వాన పడిన రోజు జామ్ అయ్యే అవకాశం ఎంత? 6లో 5, అంటే సుమారు 83 శాతం. మరి మీరు హాస్టల్లోనే ఉన్నారు, రూమ్మేటు ఫోన్ చేసి "జామ్‌లో ఇరుక్కుపోయాన్రా" అన్నాడు. అక్కడ వాన పడుతూ ఉండే అవకాశం ఎంత? జామ్ అయిన రోజులు మొత్తం 20. అందులో వాన పడినవి 5. అంటే 25 శాతమే.

రూమ్మేటు మాట వినగానే "అక్కడ వానేమో" అని మనసుకు తడుతుంది. కానీ సిల్క్ బోర్డుకు జామ్ అవడానికి వాన అక్కర్లేదని బెంగళూరులో వారం ఉన్నవాడికైనా తెలుసు. జామ్ చూసి వాన అవకాశం లెక్కగట్టినట్టు, ఫలితం నుంచి కారణం వైపు వెళ్ళే సూత్రాన్ని బేస్ సూత్రం అంటారు. ఆ తెలిసిన సంగతే అందులో హారంలో కూర్చుని ఉంది. సూత్రం ఇదివరకే చూసి బెదిరిన మనిషికి ఇలా చెబితే, సూత్రంలో ఏ ముక్క ఏ పని చేస్తుందో కనిపిస్తుంది.

అంకెలు చిన్నవిగా, చేత్తో లెక్కపెట్టగలిగేవిగా ఉంచండి. అవి మీరు ఊహించినవే అయితే ఆ మాట పేజీలోనే రాయండి, లేకపోతే రేపు ఎవరో వాటిని ట్రాఫిక్ లెక్కలనుకుంటారు. మెట్లు ఎగ్గొట్టకండి. మిమ్మల్ని ఆపింది ఎగ్గొట్టిన మెట్టే కదా.

ప్రశ్న రాయడం: తప్పు జవాబుల్లోనే పనంతా ఉంది

విద్యార్థులు ఇవ్వగలిగినవాటిలో నేను అన్నిటికంటే విలువైనదనుకునేది ప్రాక్టీసు ప్రశ్న. ప్రొఫెసర్లకు ప్రశ్న రాయడం వచ్చు, నమ్మదగ్గ తప్పు జవాబు రాయడమే కష్టం, ఎందుకంటే వాళ్ళు ఆ తప్పు చేసి చాలాకాలమైంది. మీ తట్టుకున్న చోట్ల పుస్తకం నిండా ఉన్నవి అవే.

పై ఉదాహరణనే ప్రశ్నగా మారుద్దాం. "జామ్ అయిందని తెలిసింది. వాన పడి ఉండే అవకాశం ఎంత?" సరైన జవాబు 25 శాతం. తప్పు జవాబులు నోటికొచ్చినవి పెట్టకండి. ఒక్కో తప్పు ఆలోచనకు ఒక్కో అంకె వస్తుంది. షరతును తిరగేసి, వాన పడితే జామ్ అయ్యే అవకాశం లెక్కేసినవాళ్ళకు 83 శాతం వస్తుంది. జామ్ సమాచారాన్ని పట్టించుకోకుండా 30 రోజుల్లో 6 అని తీసుకున్నవాళ్ళకు 20 శాతం. రెండూ కలిసి జరిగిన 5 రోజుల్ని 30తో భాగించినవాళ్ళకు సుమారు 17 శాతం. ఈ మూడూ పెట్టారంటే, ఎవరు ఏది ఎంచుకున్నారో చూసి వాళ్ళు ఎక్కడ దారి తప్పారో చెప్పేయవచ్చు.

అందుకని ప్రతి ఆప్షన్ కింద రెండు లైన్లు రాయండి. "తప్పు" అని వదిలేయకండి. "మీరు వాన పడిన రోజుల్లో జామ్ వెతికారు. ప్రశ్న జామ్ అయిన రోజుల్లో వాన వెతకమంటోంది" అని రాయండి. ఆ రెండు లైన్లే అసలు పాఠం, ప్రశ్న దానికి గుమ్మం లాంటిది.

ఇంకో మూడు జాగ్రత్తలు చెప్పి ముందుకెళ్తాను. నమ్మదగ్గ తప్పు దొరక్కపోతే మూడు ఆప్షన్లతోనే ఆపండి, నాలుగోది నింపడానికి అర్థంలేనిది పెట్టకండి. సరైన జవాబు మిగతావాటికంటే పొడుగ్గా ఉండకూడదు, పిల్లలు చదవకుండానే పట్టేస్తారు. "పైవన్నీ", "పైవేవీ కావు" వాడకండి.

తెలుగు మాటల పట్టిక

ఇది మన తెలుగువాళ్ళు తప్ప వేరెవరూ చేయలేని పని కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ఇంటర్లో తెలుగు మీడియం చదివిన పిల్లకు విస్తృతి బాగా తెలుసు, లెక్కలు చేసి ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సులో వేరియన్స్ అనే మాట వస్తుంది. అది తనకు తెలిసిన విస్తృతే అని ఎవరూ చెప్పరు. కొత్త విషయమనుకుని భయపడుతుంది. స్టాండర్డ్ డీవియేషన్ ప్రామాణిక విచలనమే. డిటర్మినెంట్ అంటే నిర్ధారకం. డెరివేటివ్ అంటే అవకలజం, లిమిట్ అంటే అవధి, కండిషనల్ ప్రాబబిలిటీ అంటే నియత సంభావ్యత. ఎమ్మెస్సీ మొదటి నెలలో నాకు తెలియనివనుకుని రాసిపెట్టుకున్న మాటల్లో సగం నాకు ఇంటర్లోనే తెలిసినవి. ఆ సంగతి తెలిసిన రాత్రి నాకు సంతోషం కంటే బాధే ఎక్కువైంది, ఆ నెలంతా వేరెవరో తెలివైనవాళ్ళ క్లాసులో దూరినట్టు కూర్చున్నాను మరి.

ఆ పట్టిక మీరు రాయండి. మూడు గడులు చాలవు, నాలుగు పెట్టండి: కోర్సులో వినిపించే మాట, ఇంటర్ పుస్తకంలో మాట, మామూలు తెలుగులో ఒక వాక్యం, ఒక చిన్న ఉదాహరణ. పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి కోర్సు మాటే ముందుండాలి. తెలుగు మాట దాన్ని తొలగించడానికి కాదు, అక్కడికి చేర్చడానికి.

పక్కింటి భాషతో కూడా జాగ్రత్త. మా స్టడీ గ్రూపులో కన్నడ మీడియంలో చదివిన మిత్రుడు ఒకడుండేవాడు. ఒకరోజు నేను ఫంక్షన్ గురించి చెబుతూ "ప్రమేయం" అన్నాను. అతను పైథాగరస్ దాకా వెళ్ళిపోయాడు, కన్నడంలో ప్రమేయ అంటే సిద్ధాంతం. ఒకే మాట ఇద్దరికీ బాగా తెలుసు, ఇద్దరికీ వేరే వేరేగా తెలుసు. బెంగళూరులో ఇలాంటి గ్రూపులు మామూలే కాబట్టి, వీలైతే కన్నడ మిత్రుల చేత ఇంకో గడి నింపించండి.

టైపింగ్ విషయంలో ఒకటే నియమం: ఏ ఫోన్లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ అక్షరాలు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు మీ కంప్యూటర్లో ముత్యాల్లా ఉంటుంది, అవతలివాళ్ళ ఫోన్లో పిచ్చిగీతలవుతుంది, వెతికితే దొరకదు. లేఖిని వెబ్‌సైటులోనో ఫోన్ కీబోర్డులోనో కొడితే ఆ ఇబ్బంది లేదు.

వీడియో చేయాలనుంటే

చేయండి, కానీ చివర చేయండి. ముందు ఒక పేజీ రాసి, దాన్ని ఇద్దరికి చూపించి, బాగుందంటే అప్పుడు వీడియో. రాతలో తప్పు దిద్దడానికి నిమిషం పడుతుంది, వీడియోలో తప్పు దిద్దాలంటే మళ్ళీ మొదట్నుంచి తీయాలి.

ఆరు నిమిషాలు దాటనివ్వకండి. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన అధ్యయనం ఒకటుంది. వీడియో ఎంత పొడుగున్నా మధ్యస్థంగా జనం దాన్ని చూసిన సమయం ఆరు నిమిషాలు మించలేదని అందులో తేలింది. కాగితం మీద పెన్నుతో రాస్తూ పైనుంచి ఫోన్‌తో తీస్తే చాలు. కంప్యూటర్ తెర చూపించాలంటే దాన్ని రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

వీడియోకు ప్రాణం శబ్దం. రింగ్ రోడ్డు పక్క హాస్టల్లో రాత్రి పదకొండుకు కూడా హారన్లు ఆగవు. కిటికీ మూసి, ఫ్యాను ఆపి, బట్టలున్న అల్మారా తలుపులు తెరిచి దాని ముందు కూర్చుని మాట్లాడండి. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి.

సొంత వీడియో కంటే, ఉన్న వీడియోకు సబ్‌టైటిల్స్ సరిచేయడం చాలాసార్లు ఎక్కువ మేలు చేస్తుంది. యంత్రం రాసిన సబ్‌టైటిల్స్‌లో సరిగ్గా సాంకేతిక పదాల దగ్గరే తప్పులు పడతాయి. ఇదివరకు యూట్యూబులో చూసేవాళ్ళే సబ్‌టైటిల్స్ చేర్చే వీలుండేది, 2020 సెప్టెంబరులో దాన్ని తీసేశారు. ఇప్పుడు మీరు సరిచేసిన సబ్‌టైటిల్స్ ఫైలును (ఎస్ఆర్‌టీ) కోర్సు టీమ్‌కు పంపాలి, వాళ్ళే ఎక్కించాలి. చెవులు సరిగ్గా వినపడని విద్యార్థికి ఆ ఫైలే క్లాసు.

ఎవరి సొమ్ము ఎవరిది

ఇక్కడ చాలామంది తెలియక తప్పు చేస్తారు. బేస్ సూత్రం ఎవరి సొత్తూ కాదు, భావం మీద కాపీరైట్ ఉండదు. దాన్ని ప్రొఫెసర్ చెప్పిన మాటలు, గీసిన బొమ్మ, తయారుచేసిన స్లయిడు మాత్రం ఆయనవో విశ్వవిద్యాలయానివో. కాబట్టి విషయం తీసుకోండి, మాటలూ బొమ్మలూ మీవి పెట్టండి. స్లయిడు స్క్రీన్‌షాట్ అతికించే బదులు "నాలుగో వారం, రెండో వీడియో, 7వ నిమిషం చూడండి" అని రాస్తే సరిపోతుంది.

మన 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్, బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ చేసుకునే నకళ్ళకు మినహాయింపు ఇస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని ఫొటోకాపీ దుకాణం కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ మినహాయింపును విశాలంగానే చదివింది. అంతమాత్రాన పాఠ్యపుస్తకంలో అధ్యాయం స్కాన్ చేసి ప్రపంచమంతటికీ పెట్టేయవచ్చని అర్థం కాదు. క్లాసులో వాడుకోవడం వేరు, బయట పంచడం వేరు.

బొమ్మలు కావాలంటే వికీమీడియా కామన్స్‌లో వెతకండి, ప్రతి బొమ్మ కిందా ఏ లైసెన్సో రాసి ఉంటుంది. అమెరికాలోని ఎంఐటీ ఉచితంగా పెట్టిన ఓపెన్‌కోర్స్‌వేర్ పాఠాలను పేరు చెప్పి, వ్యాపారానికి కాకుండా, అదే లైసెన్సుతో తిరిగి పంచుకునే షరతు మీద మార్చుకోవచ్చు. రాసినవాళ్ళు తమ పనిని ఏ షరతుల మీద వాడుకోవచ్చో ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులో ఎన్‌డీ అనే రెండక్షరాలు కనిపిస్తే ఆగండి. మార్పులు చేసి పంచకూడదని దానర్థం, అనువాదం కూడా మార్పే.

ఇక మీరు రాసింది మామూలుగా మీదే, మీ విశ్వవిద్యాలయం నియమాలు ఒకసారి చూసుకోండి. దానికి లైసెన్సు మీరే ఎంచుకోవాలి. నా సలహా సీసీ బై ఎస్ఏ 4.0. మీ పేరు చెప్పాలి, మార్చినవాళ్ళు అదే లైసెన్సుతో పంచాలి. వికీపీడియా పాఠ్యం కూడా ఇదే లైసెన్సులో ఉంటుంది కాబట్టి మీ పట్టిక రేపు తెలుగు వికీపీడియా వ్యాసానికి పనికిరావచ్చు. వ్యాపారానికి వాడకూడదనే షరతు పెడితే ఆ దారి మూసుకుపోతుంది. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేరు, అది తెలిసే ఇవ్వండి. నలుగురు కలిసి రాసినదైతే నలుగురూ ఒప్పుకోవాలి. పేరు బయట పెట్టుకోవడం ఇష్టంలేనివాళ్ళని బలవంతం చేయకండి. ఆడపిల్లలు కొందరు ఇంటిపేరు వద్దంటారు, వాళ్ళకు తోచినట్టే రాయండి. గ్రూపు చాట్ స్క్రీన్‌షాట్లలో ఫోన్ నంబర్లు ఉంటాయి, అవి అసలు వాడకండి.

ఏఐ సంగతి కూడా ఇక్కడే. భాష సరిచూసుకోవడానికో, లెక్క మరోసారి చూసుకోవడానికో వాడితే వాడండి, వాడినట్టు ఒక లైను రాయండి. పాఠమే దానిచేత రాయించి పంపకండి. కాలికి రాయి తగిలింది మీకు, దానికి కాదు.

ఇద్దరికి చూపించండి

ఒకరు ఈ కోర్సు ముగించినవాళ్ళు, తప్పులు పట్టడానికి. ఇంకొకరు ఇంకా ఆ వారానికి రానివాళ్ళు, అర్థమవుతోందో లేదో తెలియడానికి. మేం ఆదివారాలు కబ్బన్ పార్కులో చెట్టు కింద చేరేవాళ్ళం, తర్వాత దగ్గర్లోని దర్శిని హోటల్లో బై టూ కాఫీ. పద్ధతి ఏమిటంటే, చదివేవాళ్ళ పక్కన రాసినవాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వెళ్ళారు, ఎక్కడ నుదురు ముడిపడింది, అవే చూడాలి. వివరించాలని నాలుక దురదపెడుతుంది. వివరించకండి. మీరు నోటితో చెప్పాల్సొచ్చిన ప్రతి మాటా పేజీలో లేని మాటే.

ఈ మెట్టు దాటేస్తే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. మొదటి టర్మ్‌లో సూత్రాలన్నీ ఒక పేజీలో రాసి పెట్టాను. అందంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ సరిచూడలేదు. శాంపిల్ వేరియన్స్‌లో హారంలో ఎన్ మైనస్ 1 ఉండాల్సిన చోట ఎన్ (శాంపిల్‌లో ఉన్న అంకెలు ఎన్నో ఆ సంఖ్య) అని రాశాను. మూడు టర్ములు ఆ పేజీ చేతులు మారింది. చివరికి ఒకమ్మాయి ఎలాగో నన్ను పట్టుకుని రాసింది, "అన్నా, మీ షీటు చూసి పరీక్షలో ఇలాగే రాశాను, మార్కులు పోయాయి" అని. ఎంతమందికి పోయాయో నాకు తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే ఆ షీటు మీద నా ఈమెయిలు లేదు, తేదీ లేదు, తప్పు కనిపిస్తే ఎవరికి చెప్పాలో లేదు.

పెట్టేటప్పుడు, పెట్టాక

అందుకని ప్రతి పేజీ అడుగున ఇవి ఉండాలి: రాసినవారి పేరు, తేదీ, ఎన్నో కూర్పు, లైసెన్సు, తప్పు చెప్పడానికి ఒక చిరునామా. సొంత ఫోన్ నంబరు ఇవ్వకండి, ఇందుకోసం వేరే ఈమెయిలు తెరవండి. ఫైలు పేరు "ఫైనల్ కొత్తది 2" అని కాకుండా వారం, అంశం, తేదీ కనిపించేలా పెట్టండి.

పీడీఎఫ్‌తో పాటు మార్చుకోగలిగే ఫైలు కూడా ఇవ్వండి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే తర్వాతివాళ్ళు మీ తప్పు చూసి కూడా దిద్దలేరు. చేతిరాత ఫొటోలు కూడా అంతే. చూపులేని విద్యార్థి వాడే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడరుకు ఫొటోలో ఏముందో తెలియదు. టైపు చేయండి, బొమ్మ పెడితే దాని కింద అందులో ఏముందో రెండు వాక్యాల్లో రాయండి.

కోర్సు పేజీలో ఒక్కచోటే పెట్టి ఊరుకోకండి. ఒక విశ్వవిద్యాలయం కోర్సులో విద్యార్థులం కలిసి నలభై మాటల గ్లాసరీ రాశాం. టర్మ్ అయిపోగానే ఆ కోర్సు పేజీ మూసేశారు, మరుసటి టర్మ్‌కు ఖాళీ పేజీ తెరిచారు. మా దగ్గర కాపీ లేదు. చివరి పరీక్షకు ముందే దించుకోండి, గ్రూపులో కనీసం ఇద్దరి దగ్గర ఉండేలా చూడండి.

తర్వాతి టర్మ్ రెండో వారంలో, ఈమెయిలు ఒకసారి తెరిచి చూడండి. కొత్తవాళ్ళ ప్రశ్నలు వచ్చేది అప్పుడే. తప్పు దిద్దితే పాతదాన్ని చడీచప్పుడు లేకుండా మార్చేయకండి. ఏ తేదీన ఏది మార్చారో పైన ఒక లైను రాయండి, పాత కాపీ దించుకున్నవాళ్ళకు తెలియాలి కదా.

ఏడాది తిరిగేసరికి మీకు ఉద్యోగం మారుతుంది, ఊరు మారుతుంది. అంతకుముందే కొత్త బ్యాచ్‌లో ఒకరికి ఫైళ్ళూ ఈమెయిలూ అప్పజెప్పండి. ఎవరికి అని వెతుక్కోనక్కర్లేదు, తప్పు చూపించి రాసినవాళ్ళే సరైనవాళ్ళు. నా సూత్రాల షీటు ఇప్పుడు నా దగ్గర లేదు, మార్కులు పోయాయని రాసిన ఆ అమ్మాయి దగ్గరుంది. నిరుడు తను అందులో శాంపిల్ వేరియన్స్ పక్కన ఒక గడి చేర్చి, హారంలో 1 ఎందుకు తగ్గుతుందో మూడు అంకెలతో లెక్క వేసి చూపించింది.